"వాని నాత్మభవు"... భవా, భువా? అణువుల గురించి రాస్తుంటే తగులుకున్న సందేహం

నిశాచరి:
అందరికీ నమస్కారం. ఒక సైన్సు వ్యాసం రాస్తున్నా. అందులో సగం ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకి ఇచ్చిన యాంటీవైరల్ మందులు, ముఖ్యంగా రెమ్‌డెసివిర్. మిగతా సగం ఎవరూ దగ్గరుండి పేర్చకుండా వాటంతటవే కూడి ఒక ఆకారం కట్టే అణువుల సంగతి. ఈ రెండో దానికి మంచి మాట వెతుకుతుంటే పోతన భాగవతంలో గజేంద్రుడి "ఎవ్వనిచే జనించు" పద్యం నోట్లో ఆడటం మొదలైంది, చివరి పాదం దగ్గర ఆగిపోతున్నా. ఒకసారి "వాని నాత్మభవు నీశ్వరునే" అని వస్తుంది, ఇంకోసారి "నాత్మభువు నీశ్వరునే" అని వస్తుంది. రెండూ నోటికి హాయిగానే ఉన్నాయి. ఏది సరి? దాన్ని బట్టి నా అణువులకి "ఆత్మభవనం" అనో ఇంకోటో పెట్టుకుందామని.

గణవిభజన:
నేను చదివిన ప్రతుల్లో భవే. అయితే ఛందస్సు చూసి తేలుద్దామంటే కుదరదండీ, ముందే చెప్తున్నా, ఎవరూ అటు వెళ్ళి టైము వృథా చేసుకోకండి. ఉత్పలమాలలో మూడో గణం నగణం, "త్మభవు" అన్నా "త్మభువు" అన్నా మూడూ లఘువులే. యతి "ఎవ్వడు"లో ఎకీ "ఈశ్వరు"లో ఈకీ, కాబట్టి ఈ అక్షరం జోలికే రాదు. విభక్తి కూడా సాయం చెయ్యదు, ఆత్మభవున్, ఆత్మభువున్ రెండూ ద్వితీయే.

పద్యప్రియ:
ఛందస్సు తేల్చకపోతే సంస్కృత మూలం తేలుస్తుంది. అష్టమ స్కంధం మూడో అధ్యాయం మూడో శ్లోకం, "యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్" అని మొదలై "తం ప్రపద్యే స్వయంభువమ్" అని ముగుస్తుంది. భువమ్ అని అంత స్పష్టంగా ఉంటే పోతన భు వదిలి భ ఎందుకు పట్టుకుంటాడు? స్వయం తీసి ఆత్మ పెట్టాడు, భువు అలాగే ఉంచాడు. నా ఓటు భువుకే.

పాతబడి:
పద్యప్రియగారూ, పోతన మక్కికి మక్కి దించే మనిషైతే ఆ వాదన నిలబడేది. అమరకోశం తెరవండి. బ్రహ్మ పర్యాయాల్లో "బ్రహ్మాత్మభూః సురజ్యేష్ఠః", మన్మథుడి పర్యాయాల్లో "మకరధ్వజ ఆత్మభూః". అంటే తెలుగులో ఆత్మభువు అనగానే విన్నవాడికి ముందు బ్రహ్మ తడతాడు, లేకపోతే మన్మథుడు. ఇదే ఘట్టంలో కాసేపటికి ఏమంటాడు? "విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదు లడ్డపడక". విని కూడా కదలనివాళ్ళలో మొదటిపేరు అంబుజాసనుడిది! రాని బ్రహ్మని ఏనుగు ముందే పేరుపెట్టి పిలిచినట్టు రాస్తాడా మహానుభావుడు? అందుకే భవుడు అన్నాడు. నాకు ఇందులో అనుమానం లేదు.

పద్యప్రియ:
మాస్టారూ, మూలంలో స్వయంభువు అన్నది కూడా లోకంలో బ్రహ్మకి వాడే మాటే కదా. వ్యాసుడికి లేని ఇబ్బంది పోతనకి ఎందుకు? పైగా ఆత్మభవుడు అన్నా కొడుకు, మన్మథుడు అనే అర్థాలు తప్పవు.

రసాయనశాల:
భవ అయినా భువ అయినా నిశాచరిగారి పనికి రెండూ పనికిరావని నా అభిప్రాయం. ఆత్మభవుడంటే తనకి ముందు ఇంకేదీ లేనివాడు, మూలకారణం తానే అయినవాడు. అణువులు కూడుకోవడం అలాంటిది కాదు, ముక్కలు ముందే ఉంటాయి, అవి ఎలా అతుక్కోవాలో వాటి ఆకారంలోనూ వాటి మీదున్న ఛార్జీలోనూ ముందే రాసి ఉంటుంది. 1955లో ఫ్రాంకెల్ కాన్రాట్, విలియమ్స్ చేసిన ప్రయోగం గుర్తు చేసుకోండి, పొగాకు మొజాయిక్ వైరస్‌ని విడదీసి ప్రోటీన్ ఒక పక్క ఆర్‌ఎన్‌ఏ ఒక పక్క పెట్టి మళ్ళీ కలిపితే మొదట ఉన్న కడ్డీలే తయారయ్యాయి, ఆకుకి మళ్ళీ తెగులు కూడా పట్టించాయి. ఒక్కో కడ్డీకి 2130 ప్రోటీన్ ముక్కలు, పొడవు 300 నానోమీటర్లు, వెడల్పు 18. అంత పొందిగ్గా పేర్చింది ఎవరయ్యా అంటే ఎవరూ కాదు. ఇది పుట్టుక కాదండీ, అమరిక. "భూ" ధాతువుని ఇక్కడికి తేవద్దు.

నిశాచరి:
రసాయనశాలగారూ, సరిగ్గా ఈ ఉదాహరణ పక్కనే నేను పెట్టాలనుకున్నది కోవిడ్ టీకాల్లోది. వాషింగ్టన్ యూనివర్సిటీలో డేవిడ్ బేకర్ వాళ్ళ సంస్థలో డిజైన్ చేసిన నానోకణం, దక్షిణ కొరియాలో 2022లో అనుమతి వచ్చిన టీకాలో వాడారు. రెండు ద్రావణాలు. ఒకదాంట్లో మూడేసి ముక్కల గుత్తులు, రెండోదాంట్లో అయిదేసి ముక్కల గుత్తులు. వేరువేరుగా ఉంచితే ఏమీ జరగదు. కలిపితే మూడు ముక్కలవి 20, అయిదు ముక్కలవి 12 కూడుకుని, మొత్తం 120 ముక్కలతో ఇరవై ముఖాల గోళం లాంటిది తయారవుతుంది. దాని మీద వైరస్ కొమ్ములోని అతుక్కునే భాగం 60 చోట్ల నిలబడి ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. దీనికి "స్వీయ సంయోజనం" అని పెడితే ఆ పులకరింత అంతా పోతోంది, అదీ నా బాధ.

గణవిభజన:
సంయోజనం వద్దు. అమరు, పొందు, కూడు, ఇన్ని మంచి క్రియలు మనకి ఉండగా.

అయినా అసలు పద్యంలో మీ అణువులకి దగ్గరున్న మాట ఆత్మభవు కాదండీ, రెండో పాదంలో "డిందు". అందరూ "లీనమై" దగ్గరే ఆగి మురిసిపోతారు. జనించు, లోపల నుండు, డిందు, ఈ మూడూ వరసగా చూడండి. డిందు అంటే అణగు, తగ్గు, లయించు. మూలంలో దీనికి సరిగ్గా సరిపడే మాట విడిగా లేదు, పోతన తానై తెచ్చుకున్నాడు.

రసాయనశాల:
డిందు మంచి మాట పట్టుకున్నారు! ఈ కూడికలో అసలు రహస్యం విడిపోవడంలోనే ఉంది. ఒక్కో బంధం బలహీనం, అతుక్కుంటుంది, ఊడుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. తప్పుగా అతుక్కున్నది తొందరగా ఊడిపోతుంది, సరిగ్గా కుదిరినది చుట్టూ ఉన్న నాలుగైదు ముక్కల పట్టు దొరికి నిలబడుతుంది. బంధాలు మొదటి నుంచే గట్టివైతే తప్పు తప్పుగానే బిగుసుకుపోయి ముద్ద మిగులుతుంది. డిందటం రాకపోతే అమరటం రాదు.

పాతబడి:
డిందు తర్వాత చూద్దాం, భవ తేలనివ్వండి. అష్టమ స్కంధం పోతన స్వయంగా రాసిందే, కొన్ని స్కంధాలు పూరించిన గంగన సింగన నారయలది కాదు, కాబట్టి ఇది ఎవరి అలవాటో అనే గొడవ లేదు.

తాటాకు:
నేను తాళపత్రాలు కాస్త చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, దీన్ని అర్థంతో తేల్చలేరు, చేత్తో తేల్చాలి. రాసేవాడు "భవు" రాయబోతూ తర్వాతి వుకి పెట్టాల్సిన కొమ్ము మనసులో మెదిలి భకి కూడా పెట్టేస్తాడు. పక్క అక్షరం గుణింతం ఇవతలికి పాకడం లేఖకుల దగ్గర మామూలే. భువు నుంచి భవు అవ్వాలంటే ఉన్న కొమ్ము ఊడాలి, అదీ జరుగుతుంది గానీ పాకినంత తరచుగా కాదు. కాబట్టి భవు మొదటిది, భువు తర్వాతది. మూల శ్లోకం తెలిసిన లేఖకుడైతే "స్వయంభువమ్" గుర్తొచ్చి మరీ దిద్దుతాడు, దిద్దానని సంతోషపడతాడు కూడా.

నిశాచరి:
తాటాకుగారూ, మీరు చెప్పిన లేఖకుడు నా వ్యాసంలో రెమ్‌డెసివిర్ భాగానికి సరిగ్గా పనికొస్తున్నాడు. కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏలో 30 వేలకి కాస్త తక్కువ అక్షరాలు, దాన్ని ఎత్తిరాసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్ళి రూపం మార్చుకుని "ఎ" అనే అక్షరంలాగే కనపడుతుంది, లేఖకుడు మోసపోయి దాన్నే రాసేస్తాడు. విచిత్రం ఏంటంటే అక్కడికక్కడ ఆగడు, ఇంకో మూడక్షరాలు రాసి అప్పుడు ఆగిపోతాడు. కరోనా వైరస్‌లకి తప్పులు దిద్దే ఎంజైమ్ కూడా ఒకటి ఉంది, అదే వీటి ప్రత్యేకత. తప్పు అక్షరం మూడక్షరాల వెనక దాక్కుని ఉండటం వల్ల ఆ దిద్దేవాడికి సులువుగా అందదని ఒక వివరణ.

రసాయనశాల:
గమనించండి, ఈ మందు ఆపేది ఎత్తిరాయడాన్ని. కూడికని కాదు. కూడికనే చెడగొట్టే మందులు వేరే ఉన్నాయి, హెచ్‌ఐవికి వాడే లెనకాపవిర్ వైరస్ తొడుగు ముక్కలకి అతుక్కుని అవి సరిగ్గా అమరకుండా చేస్తుంది. మీ వ్యాసంలో రెండు సగాలకీ వంతెన అదే అవుతుంది, వదలకండి.

పద్యప్రియ:
రెమ్‌డెసివిర్ నిజంగా పనిచేసిందా లేదా అని రెండు రకాలుగా చదివాను. ఆ రోజుల్లో నాకు గుర్తొచ్చింది ఇదే ఘట్టం, "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో".

నిశాచరి:
రెండు రకాలుగా చదవడానికి కారణం ఉందండీ, రెండు ట్రయల్స్ రెండు వేరు ప్రశ్నలు అడిగాయి. 2020లో అమెరికా వాళ్ళు నడిపిన యాక్ట్-1లో 1062 మంది. మొదటి రోజు 200 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి 100 చొప్పున, పది రోజుల దాకా నరంలోకి. మందు తీసుకున్నవాళ్ళు సగటున 10 రోజుల్లో, డమ్మీ తీసుకున్నవాళ్ళు 15 రోజుల్లో కోలుకున్నారు (ఈ సగటు మధ్యగతం, కూడి భాగించింది కాదు). 29వ రోజుకి మరణాలు 11.4 శాతం, 15.2 శాతం, కానీ ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్ ఎనిమిది వేల మంది పైన, వాళ్ళు ముఖ్యంగా అడిగింది చావు తగ్గిందా అని. 2022లో వచ్చిన తుది లెక్కలో మరణాలు మందు తీసుకున్నవాళ్ళలో 14.5 శాతం, తీసుకోనివాళ్ళలో 15.6. వెంటిలేటర్ మీదకి వెళ్ళిపోయినవాళ్ళకి మేలు కనపడలేదు, ఇంకా వెళ్ళనివాళ్ళలో 11.9, 13.5. అంటే ఉంది, కానీ చిన్నది, అదీ ముందుగా ఇస్తేనే. వైరస్ ఎత్తిరాతలు జోరుగా సాగేది మొదటి రోజుల్లో, ఆస్పత్రిలో ఊపిరి అందని దశకి వచ్చేసరికి ఒంటి సొంత రోగనిరోధక శక్తి పెట్టే మంటే పెద్ద శత్రువు. అందుకే ఆ దశలో ప్రాణాలు నిలబెట్టినది వైరస్‌ని ముట్టుకోకుండా ఆ మంటనే తగ్గించే స్టెరాయిడ్, డెక్సామెథజోన్.

పాతబడి:
పద్యప్రియగారూ, "కలఁడో లేఁడో" అన్నది ఉందా లేదా అనే లెక్కల సందేహం కాదు. దాన్ని మందుకి తగిలించడం నాకు నచ్చలేదు. ఆ పద్యం అంతా "కలఁడందురు" అని పక్కవాళ్ళ మాట మీద నడుస్తుంది, దీనులయెడ కలడంటారు, యోగుల దగ్గర కలడంటారు, అన్ని దిశల్లో కలడంటారు. ఏనుగు అడిగేది నాకు కలడా అని.

పద్యప్రియ:
అదే కదండీ నేను చెప్పేది కూడా! ట్రయల్ చెప్పేది వేలమంది సంగతి. మంచం మీదున్నవాడు అడిగేది నాకు కలదా అని. అంతకంటే దగ్గరి పద్యం నాకు తెలీదు.

గణవిభజన:
ఇది బావుంది గానీ "కోలుకోవడం" అన్న మాట దగ్గర జాగ్రత్త. యాక్ట్-1లో ఆ మాటకి ఇంటికి వెళ్ళడం ఒక్కటే కాదు, ఆస్పత్రిలోనే ఉన్నా ఆక్సిజనూ ఇంక వైద్యమూ అక్కర్లేని స్థితి కూడా లెక్క. మన పాఠకుడు కోలుకోవడం అంటే లేచి తిరగడం అనుకుంటాడు.

నిశాచరి:
నిజమే, ఆ వివరం రాస్తాను. ఇంతకీ నా అణువుల మాట?

తాటాకు:
"సర్వముఁ దానయైన వాఁడు" మీ కళ్ళ ముందే ఉంది. మూలంలో "య ఇదం స్వయమ్". తాన అంటే తానే, అవధారణ. "తానకూర్పు" అనండి. రెండక్షరాల తానలో మీరు వెతికే స్వయం అంతా ఉంది.

గణవిభజన:
తాన విడిగా నిలబడే పదం, దాన్ని సమాసంలో పూర్వపదం చేస్తే వ్యాకరణం ఒప్పుకోదు. పైగా తాన అనగానే సంగీతం వాళ్ళకి తానం గుర్తొస్తుంది.

రసాయనశాల:
నేను క్లాసులో "తమంత తామే అమరటం" అంటాను, పిల్లలకి మళ్ళీ వివరించక్కర్లేదు. వ్యాసానికి పొడుగంటారేమో.

పాతబడి:
పొడుగే. "తానమరిక" ఆలోచించండి, సంధి కుదురుతుంది. గణవిభజనగారు దీనికీ ఒప్పుకోరని తెలుసు.

గణవిభజన:
ఒప్పుకోను. కానీ తాటాకుగారు మంచి పాదం ఎత్తారు. "సర్వముఁ దాన" లో అరసున్న "సర్వమున్" నుంచి వచ్చింది, అంటే సర్వమూ అని సముచ్చయం. కొన్ని అచ్చు ప్రతుల్లో అరసున్న ఎగరగొట్టి "సర్వము దానయైన" అని వేసి, పిల్లలకి "దానయైన" అంటే దానం అని చెప్పడం కూడా విన్నాను, ప్రాణం ఉసూరుమంది. మీ తాళపత్రాల్లో ఆ చోట అరసున్న ఉందా అండీ?

తాటాకు:
తాళపత్రాల్లో అరసున్నలు మనం అనుకున్నంత నమ్మకంగా ఉండవు. చాలామంది లేఖకులు అసలు పెట్టరు, కొందరు దాని చోట నిండుసున్న పెడతారు. ఆ పాదం చూసి చెప్తాను, భవు దగ్గర కొమ్ము కూడా ఆ చేత్తోనే చూస్తాను.

పద్యప్రియ:
చూసేటప్పుడు రెండో పాదంలో "డిందు" ఉందో "దిందు" ఉందో కూడా చూడండి, నేను రెండూ విన్నాను.