స్టీరియో వెనకాల టకటక, వెనక సీటు దగ్గర గలగల: ముందు ఏది విప్పాలి?

మారతహళ్లి_మట్టిరోడ్డు:

అందరికీ నమస్తే. నాది పాత డీజిల్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి. కింద లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి ఇనప చట్రం), గేర్ రాడ్ పక్కనే టూ హై, ఫోర్ హై, ఫోర్ లో అని, బలం రెండు చక్రాలకా నాలుగింటికా అని మార్చే ఇంకో పొట్టి రాడ్ ఉండే రకం. కంపెనీ పేరు చెప్పనులెండి, చెప్తే అసలు విషయం పక్కకుపోయి ఆ బండి గొప్పా ఈ బండి గొప్పా అని మొదలవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకుముందాయన కంపెనీ స్టీరియో తీయించి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించుకున్నాడు, రివర్స్ కెమెరాతో సహా. పాత సెట్టు అట్టపెట్టెలో భద్రంగా దాచి బండితో పాటే ఇచ్చాడు, మంచి మనిషి. నాకు ఈ స్క్రీన్ వద్దు. ఎండలో కాసేపు నిలబెడితే చాలు మొరాయిస్తుంది, సౌండ్ తగ్గించాలంటే రోడ్డు మీంచి కళ్లు తీసి స్క్రీన్ మీద తడుముకోవాలి, చేత్తో తిప్పే గుండీ ఒక్కటీ లేదు. అందుకని పాతదే మళ్లీ పెట్టుకోవాలనుంది.

అసలు బాధ శబ్దాలతో. డ్యాష్‌బోర్డు నడిమధ్యన, స్క్రీన్ వెనకాల ఎక్కడో, గుంతలో పడినప్పుడల్లా టకటకమంటుంది. స్క్రీన్‌ని అరచేత్తో నొక్కిపెడితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇది కాక సన్నగా జుయ్‌మని ఇంకొకటి, అదీ అక్కడి నుంచే వస్తున్నట్టుంటుంది, యాక్సిలరేటర్ తొక్కుతూ పోతుంటే ఒక దగ్గర మొదలై కాస్త దాటగానే ఆగిపోతుంది. మూడోది వెనక గలగల. వర్తూరు వైపు రోడ్ల మీద మూడూ ఒకేసారి మొదలవుతాయి. మా అమ్మ ఎక్కినప్పుడల్లా "ఇది కారా, గాజుల మలారమా" అంటుంది. విచిత్రమేంటంటే అనంతపురం పోయేటప్పుడు దేవనహళ్లి దాటి హైవే మీద పడ్డామంటే ఒక్కటీ వినిపించదు.

ఒక గ్యారేజీలో "ఈ బండ్లు ఇంతే సార్" అని పంపించేశారు. ఇంకో చోట నాలుగు షాకబ్జార్బర్లూ మార్చాలన్నారు, బండి తోలి కూడా చూడకుండా. స్టీరియో ఇంట్లోనే విప్పుకోవచ్చా? ఏసీ వెంట్లున్న ప్యానెల్ విరుగుతుందేమోనని టెన్షన్. అసలు విప్పితే శబ్దం దొరుకుతుందా?

జేసీరోడ్_బాబాయ్:

నిక్షేపంగా ఇంట్లోనే విప్పుకోవచ్చు నాయనా. బయట బిగించేవాళ్లకి వెనకాల ఇంకో బండి కాచుకుని ఉంటుంది, నీకు ఆ తొందర లేదు కాబట్టి పని నీ చేతిలోనే బాగా వస్తుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్, చాలా బండ్లకి 10 ఎంఎం స్పానర్ సరిపోతుంది. తీసేముందు పాత సెట్టుకి సెక్యూరిటీ కోడ్ ఉందేమో చూసుకో, కొన్ని కంపెనీ సెట్లు కరెంటు పోయి వచ్చాక కోడ్ కొడితే గానీ పాడవు. ఆటోమేటిక్ గేర్ అయితే హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్యాటరీ ఉండగానే లివర్‌ని కిందికి లాగి పెట్టుకో, కరెంటు తీశాక పార్క్‌లోంచి కదలదు, ప్యానెల్ బయటికి రాకుండా అడ్డం పడుతుంది. మాన్యువల్‌కి ఆ గొడవ లేదు. బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు చెయ్యి పెట్టు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఇది తప్పనిసరి. లోపల పసుపు రంగు కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడీలు) కనిపిస్తే వాటి జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. స్టీరియోకీ ఒక పసుపు వైరు ఉంటుంది, అది వేరే, కింద చెప్తా.

ప్యానెల్ చాలావరకు క్లిప్పుల మీదే నిలబడి ఉంటుంది. ఇనప స్క్రూడ్రైవర్ దూర్చావా, గీత పడ్డట్టే. ట్రిమ్ తీసే ప్లాస్టిక్ టూల్స్ చవగ్గానే వస్తాయి, అవి తెచ్చుకో. అంచుల చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, కింది మూల నుంచి మొదలెట్టి, ఒక్కో క్లిప్పు టప్పుమనేదాకా కొంచెం కొంచెంగా లాగాలి. ఒక మూల ఎంతకీ రావట్లేదంటే అక్కడ స్క్రూ దాక్కుని ఉందని అర్థం, బలం చూపించకు, యాష్ ట్రే వెనకా చిన్న చిన్న మూతల కిందా వెతుకు. ఇంకో మాట, ఈ పని బెంగళూరు పొద్దుటి చలిలో పెట్టుకోవద్దు. ఎండ తగిలాక చెయ్, ప్లాస్టిక్ కాస్త మెత్తబడి ఉంటుంది, క్లిప్పులు విరగవు.

స్టీరియోకి రెండు పక్కలా బ్రాకెట్లు, వాటికి స్క్రూలు. విప్పేముందు కింద సందుల్లో పాత గుడ్డ కుక్కు, స్క్రూ లోపలికి జారిందంటే ఇంకో కొత్త శబ్దం నువ్వే తయారుచేసుకున్నట్టు. సెట్టు బయటికి లాగాక ప్రతి కప్లర్‌నీ ఫోటో తీసుకుని అప్పుడు పీకు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది, వాళ్లు కప్లర్‌కి కప్లర్ కలిపారా, కంపెనీ వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టారా అని. కోసి ఉంటే పాత సెట్టు నేరుగా కూర్చోదు. బయటి సెట్లకి మామూలుగా పసుపు నేరుగా బ్యాటరీ కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. స్పీకర్లకి తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, జతలో నల్ల చార ఉన్నది మైనస్. బండి వైపు వైర్లకి మాత్రం ఈ రంగులు నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, మల్టీమీటర్ పెట్టాల్సిందే. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లన్నీ మర్చిపోతుంది, జనం సెట్టు పాడైందనుకుంటారు.

రబ్బరు_బుష్షు:

బాబాయ్ చెప్పిన పద్ధతి కరెక్టే. కానీ మీరు అడిగిన రెండో ప్రశ్నకి, అంటే విప్పితే శబ్దం దొరుకుతుందా అన్నదానికి, నా జవాబు: ఒకటి దొరుకుతుంది, మూడూ దొరకవు. డ్యాష్‌బోర్డులో వినిపించేదంతా డ్యాష్‌బోర్డుది కాదు. దాని వెనకాల అడ్డంగా ఒక ఇనప బీమ్ ఉంటుంది, స్టీరింగ్ కాలమ్ దానికే బిగించి ఉంటుంది, కింద నుంచి పాకే వైబ్రేషన్ అక్కడికి చేరి మీ మొహం ముందు మోగుతుంది.

అందుకే టూల్స్ తీసేముందు ఆ శబ్దం దేన్ని పట్టుకుని వస్తోందో తేల్చుకోండి. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో మెల్లగా రేజ్ చెయ్యండి. జుయ్‌మనేది నిలబడ్డ బండిలోనూ వచ్చిందంటే చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్టులు (చక్రాల వైపు బలం మోసే పొడవాటి ఇరుసులు), షాకబ్జార్బర్లు అన్నీ నిర్దోషులే, అవి తిరగట్లేదు, కదలట్లేదు. ఇక మిగిలేవి ఇంజిన్ మౌంటింగులు, సైలెన్సర్ మీది రేకు హీట్ షీల్డు, ఇంకా మీరు చెప్పిన ఆ పొట్టి రాడ్. నా అనుమానం దాని మీదే. అది ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) మీంచి పైకి లేచి సరిగ్గా స్టీరియో కింద బయటికొస్తుంది, లోపలి ప్లాస్టిక్ బుష్ (రాడ్‌ని ఆడకుండా పట్టుకునే తొడుగు) అరిగితే ఒక ఆర్పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర రాడ్ వణకడం మొదలెడుతుంది, ఆ వణుకు కన్సోల్‌కి ఎక్కి పైన స్క్రీన్ మోగినట్టు వినిపిస్తుంది. జుయ్‌మంటున్నప్పుడు దాని మీద రెండు వేళ్లు ఆనించి చూడండి, ఆనించండి చాలు, నెట్టకండి. హైవే మీద వినిపించకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు, రోడ్డు నున్నగా ఉండటం ఒకటైతే, టాప్ గేర్‌లో మీ ఇంజిన్ ఆ ఆర్పీఎమ్ దాటేసి తిరుగుతూ ఉంటుంది.

వెనక గలగల గురించి: తోలే మనిషి చెవి వెనక శబ్దాన్ని ఎప్పుడూ తప్పు చోటే చూపిస్తుంది. ఇంట్లో ఎవరినైనా తోలమని మీరు వెనక కూర్చోండి. దానికంటే ముందు జాకీ, వీల్ స్పానర్, టూల్ కిట్ అన్నీ ఇంట్లో పెట్టేసి ఒకసారి తిరిగి రండి. ఖాళీ సీటు బెల్టు బకిల్ పిల్లర్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుందేమో, మడిచే సీటు లాక్ వదులైందేమో చూడండి. ఇవన్నీ డబ్బు ఖర్చులేని పనులు. షాకబ్జార్బర్ పోయుంటే దాని ఒంటి మీద ఆయిల్ కారిన తడి, దుమ్ము పట్టిన జిడ్డు కనిపిస్తుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఊగుతూనే ఉంటుంది. అవేవీ లేకుండా నాలుగూ మార్చమన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

కోలార్_కుర్రోడు:

బ్రో, ఫోర్ హైలో వేసి రింగ్ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టు, శబ్దం మారిందంటే ముందు షాఫ్టుదే.

రబ్బరు_బుష్షు:

తారు రోడ్డు మీద ఆ పని చెయ్యకండి. పొట్టి రాడ్ ఉండే పాత బండ్లు చాలావరకు పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. ఫోర్ హై వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరిగి తీరాలి, మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం పోతాయి. మట్టిలోనో ఇసుకలోనో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద టైరు జారదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో బిగుసుకుంటుంది, తర్వాత రాడ్ టూ హైకి రానని భీష్మించుకుంటుంది. అప్పుడు వచ్చే శబ్దాలు ఆ మెలివి, మనం వెతికేవి కావు. చూడాలంటే మట్టి గ్రౌండ్‌లో, తిన్నగా, మెల్లగా.

షాఫ్టు మీద అనుమానం ఉంటే బండి సమతలంగా ఉన్నచోట చక్రాలకి గట్టిగా అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, కింద దూరి షాఫ్టుని చేత్తో అటూ ఇటూ మెలిపెట్టండి. క్రాస్‌లో, అంటే షాఫ్టు చివరి కీలులో, ఆట ఉంటే టక్కుమని చేతికే తెలుస్తుంది.

మారతహళ్లి_మట్టిరోడ్డు:

ఇద్దరికీ థ్యాంక్స్. శనివారం మధ్యాహ్నం ఎండలోనే విప్పాను, ప్యానెల్‌కి ఏమీ కాలేదు. యాష్ ట్రే వెనక నిజంగానే రెండు స్క్రూలున్నాయి.

ముందు న్యూట్రల్ టెస్టు చేశా. 1,800 ఆర్పీఎమ్ దగ్గర జుయ్‌మంది, పొట్టి రాడ్ మీద వేళ్లు పెట్టగానే ఠక్కున ఆగింది, తీస్తే మళ్లీ. మా ఆవిడ పక్కనే కూర్చుని నవ్వడం మొదలెట్టింది, ఇంతకాలం నేను తిట్టింది స్క్రీన్‌ని కదా.

ఇక టకటక. కంపెనీ సెట్టుకి వెనకవైపు ఒక బోల్టు బయటికొచ్చి ఉంటుంది, అది డ్యాష్‌బోర్డు లోపల ఒక రబ్బరు బుష్‌లోకి దూరి కూర్చోవాలి. ఆండ్రాయిడ్ సెట్టుకి ఆ బోల్టే లేదు, అంటే అంత పెద్ద స్క్రీను ముందువైపు స్క్రూల మీదే వేలాడుతోంది, వెనక ఆధారమే లేదు. దాని వెనకాల వైర్ల మూట, ఆ మూట చివర స్టీరింగ్ బటన్ల కోసం పెట్టిన నల్ల డబ్బా, దేనికీ కట్టకుండా వదిలేశారు. ఏసీ డక్ట్ మీద ఆ డబ్బా మూల తగిలేచోట నల్ల ప్లాస్టిక్ అరిగి తెల్లటి మచ్చ పడింది, చుట్టూ సన్నటి పొడి. అడుగున ఒక అనాథ స్క్రూ కూడా దొరికింది, నాది కాదు. వైర్లు మాత్రం కోయలేదు, కప్లర్‌కి కప్లర్ కలిపారు. పాత సెట్టు పెట్టేశాను, వెనక బోల్టు బుష్‌లో కూర్చుంది, మారతహళ్లి బ్రిడ్జి దాకా పోయొచ్చాను, టకటక లేదు.

జాకీ, స్పానర్ ఇంట్లో పెట్టేశాక వెనక గలగల చాలావరకు పోయింది గానీ వెనక డోర్ దగ్గర టిక్కుటిక్కుమని ఇంకొకటి మిగిలింది. ఇదివరకు ఉండేదో లేదో, గలగలలో కలిసిపోయి వినిపించేది కాదేమో. స్టెప్నీ ఆ డోర్ మీదే ఉంది. ఇంకొకటి, కెమెరా వైరు చివర ఊరికే ఉంది, దాన్నేం చెయ్యాలి?

జేసీరోడ్_బాబాయ్:

కెమెరా మామూలుగా వెనక రివర్స్ లైటు నుంచి కరెంటు తీసుకుంటుంది. దాని వీడియో వైరుతో పాటే ఒక సన్న ఎర్ర వైరు ముందుకొచ్చి ఉంటే జాగ్రత్త, రివర్స్ వేసినప్పుడల్లా దాంట్లో 12 వోల్టులు వస్తాయి, చివర ఎర్త్‌కి తగిలితే ఫ్యూజు పోతుంది. విడిగా టేపు చుట్టి కట్టెయ్. లోపల మామూలు ప్లాస్టిక్ ఇన్సులేషన్ టేపు వద్దు, వేడికి జిగురు కారుతుంది. హార్నెస్‌కి (బండి వైర్ల కట్టకి) వాడే గుడ్డ టేపు వెయ్, వైరు దేనికి తగిలినా చప్పుడు రాదు. జిప్ టై కట్టాక తోక కత్తిరించు, ఆ తోక కూడా ప్లాస్టిక్‌ని గీరి చప్పుడు చేస్తుంది. కెమెరా పారెయ్యకు, స్క్రీన్ ఉన్న అద్దం ఒకటి కొంటే దానికి కలుపుకోవచ్చు.

రబ్బరు_బుష్షు:

స్టెప్నీ బరువంతా డోర్ కీళ్ల మీద పడుతుంది కాబట్టి డోర్ కిందికి వాలి ఉండొచ్చు. ముందు స్టెప్నీ నట్లు బిగించండి. తర్వాత డోర్ కొంచెం తెరిచి అంచు పట్టుకుని పైకెత్తండి, ఆడితే కీళ్ల పిన్నులు అరిగాయన్నమాట. ఆడకపోతే డోర్ సందులో కాగితం పెట్టి మూసి లాగండి, ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా వస్తుంటే లాక్ కొక్కెం బోల్టులు వదులు చేసి కొద్దిగా లోపలికి జరపాలి. డోర్ అంచుల్లో రబ్బరు గుండీలుంటాయి, చాలా బండ్లలో వాటిని తిప్పి బయటికి తేవచ్చు, ఒక్కోసారి అదే సరిపోతుంది.

పొట్టి రాడ్ బుష్ కోసం ఛాసీ నంబరు ఇచ్చి ఒరిజినల్ తెప్పించుకోండి. గ్యారేజీకి వెళ్తే శబ్దం వస్తోందని చెప్పకుండా ఆ బుష్ మార్చమని మాత్రమే చెప్పండి, గేర్‌బాక్సు దించాలంటే ఎందుకో చూపించమని అడగండి, చాలా బండ్లలో కన్సోల్ తీసి పైనుంచే మార్చొచ్చు.

కోలార్_కుర్రోడు:

బ్రో, ఆ ఆండ్రాయిడ్ స్క్రీన్ అమ్ముతావా?

మారతహళ్లి_మట్టిరోడ్డు:

ఎండలో మొరాయిస్తుందని పైనే రాశాను కదా! సరే, వచ్చి చూసుకుని తీసుకెళ్లు, ఆ నల్ల డబ్బా కూడా ఇస్తా. కెమెరా మాత్రం నాకే ఉండనీ.