వంక మీద కల్వర్టు మళ్లీ కడుతున్నారు, చేపలు ఎక్కాలంటే ఏం అడగాలి?

వంకగట్టు రైతు (చంద్రగిరి వైపు):
మా పొలాల దారిని దాటే వంక శేషాచలం కొండల్లోంచి వచ్చి స్వర్ణముఖిలో కలుస్తుంది. 2021 నవంబరు వానలకు అక్కడి కల్వర్టు కొట్టుకుపోయింది. అప్పటికి దారి కావాలని రెండు సిమెంటు పైపులు వేసి మట్టి తోలారు. ఇప్పుడు పక్కాగా కట్టడానికి అంచనాలు వేస్తున్నారు, మళ్లీ పైపులే అంటున్నారు.

పైపు చివర నీళ్లు మోకాటి ఎత్తు నుంచి కింద పడుతున్నాయి. మొన్న కొత్తనీళ్లు వచ్చిన రాత్రి టార్చి వేసి చూశాను. కింది మడుగులో పరిగెలు గుంపుగా ఎగురుతున్నాయి. ఒక్కోటి పైపు అంచుకు తగిలి వెనక్కి పడుతోంది, మళ్లీ ఎగురుతోంది. తెల్లారేసరికి మడుగు చుట్టూ కొంగలే. నా చిన్నప్పుడు పైనున్న కుంటలో కూడా కొర్రమీను దొరికేది. ఇప్పుడు అక్కడ చేపే లేదు. అధికారులను ఏమని అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు (తిరుపతి):
అన్నా, ఆ మోకాటి ఎత్తు కట్టిన రోజు ఉండి ఉండదు. వంక కంటే పైపు ఇరుకైతే నీళ్లు అందులో దూసుకొచ్చి అవతల నేలను తవ్వేస్తాయి. ఏటేటా గుంత లోతవుతుంది, పైపు గాల్లో మిగులుతుంది. దూకే చేప ఎక్కినా లోపల నున్నటి సిమెంటు, ఆగి ఊపిరి తీసుకోవడానికి ఒక్క రాయి ఉండదు. నీళ్లు తగ్గాక మునగడానికి లోతే ఉండదు. నా సర్వీసంతా ఎంత నీరు పోవాలన్నదే లెక్క కట్టాను. చేప సంగతి ఒక్కసారీ అడగలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు వంక వెడల్పు కొలవండి. నిండుగా పారినప్పుడు నీళ్లు ఒరుసుకున్న గుర్తు గట్ల మీద కనిపిస్తుంది. ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకు టేపు పట్టండి. పైపుల దగ్గర కాదు, వాటి ప్రభావం లేనంత పైకి పోయి మూడు నాలుగు చోట్ల. కల్వర్టు ఆ వెడల్పుకు తగ్గకూడదు. అమెరికాలో సాల్మన్ చేపలు తిరిగే వాషింగ్టన్ రాష్ట్రంలో వాడే లెక్క ఒకటుంది: ఆ వెడల్పును 1.2తో హెచ్చించి 2 అడుగులు కలుపుతారు.

తర్వాత, పెట్టెలా కట్టే బాక్సు కల్వర్టయితే దాని అడుగున వేసే స్లాబు వంక నేల కంటే కిందికి దిగాలి. పైపే గతి అయితే దాని ఎత్తులో కనీసం ఐదో వంతు పూడాలి. ఆ పైన వంకలోని గులకరాళ్లూ ఇసుకే పరిచి, వంక ఎంత వాలుగా ఉందో అంతే వాలు పెట్టాలి. అడుగు స్లాబు లేని కల్వర్టు ఇంకా మేలు. కానీ పునాది, వరద తవ్వే లోతు కంటే కిందికి పోవాలి, అక్కడ రాజీ వద్దు.

పలమనేరు అక్క:
చేపల సంగతి సరే, నడిచే జీవాల గురించి కూడా అడగండి. మాది కౌండిన్య అభయారణ్యం పక్క ఊరు. గోడ నుంచి గోడకు నీళ్లుంటే ముంగిసలు, ఉడుములు, నక్కలు కల్వర్టులో దిగవు, రోడ్డెక్కుతాయి. పోయిన కార్తీకంలో పాలు పోయడానికి పోతూ చూశాను, కల్వర్టు మీదే ముళ్లపంది నలిగిపోయి ఉంది. ముళ్లు తారు మీద చెదిరి ఉన్నాయి. కిందేమో నీళ్లు అంచులదాకా పారుతున్నాయి.

లోపల ఒక పక్కన రాళ్లతో గట్టులాంటిది కట్టి, రెండు వైపులా ఒడ్డుకు కలిపితే చాలు, మామూలు నీటికి అది పొడిగా ఉంటుంది. ఏనుగులకు మాత్రం ఇది చాలదు. వాటి దారి పడితే పెద్ద వంతెనే అడగాలి.

పుత్తూరు తమ్ముడు:
మా పంచాయతీలో ఇదే మాటంటే "నాలుగు చేపల కోసం అంత ఖర్చా" అన్నారు. ఏం చెప్పాలి?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
వరద సంగతి చెప్పు తమ్ముడూ. 2011లో ఐరీన్ తుపాను అమెరికాలోని వెర్మాంట్‌ను ముంచినప్పుడు మామూలు కల్వర్టులు ఎన్నో కొట్టుకుపోయాయి. గ్రీన్ మౌంటెన్ అడవిలో వంక వెడల్పుకు, వంక నేలతో కట్టినవి నిలబడ్డాయి. మన దగ్గర వరదలో కంపచెట్లు కొట్టుకొచ్చి పైపు నోటికి అడ్డం పడతాయి. నీళ్లు రోడ్డెక్కి మట్టిని కోసేస్తాయి. వెడల్పుంటే కంప కూడా పోతుంది, చేప కూడా పోతుంది. రెండోసారి కట్టే ఖర్చు కూడా ఆ లెక్కలో వేసి చూపించు.

చెరువు చేపలాయన (శ్రీకాళహస్తి):
ఎండాకాలంలోనే పని ముగించమనండి, కొత్తనీళ్లు వచ్చే వేళకు వంకకు అడ్డుకట్ట ఉండకూడదు. జేసీబీతో తవ్వేటప్పుడు పై పొర రాళ్లు పక్కన పోయించి, చివర్లో అవే మళ్లీ వేయించండి. మనవాళ్లు కూడా కల్వర్టు నోటికి వల కట్టడం, మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టడం మానాలి. గుడ్డుతో ఎదురెక్కే చేపను అక్కడే పట్టేస్తే ఎంత బాగా కట్టినా పైకి చేరేది ఏముంది?

వంకగట్టు రైతు:
ఈ రోజు నేనూ మా అబ్బాయీ నాలుగు చోట్ల కొలిచాం. సగటున 12 అడుగులు వచ్చింది. రెండు పైపులూ కలిపినా 6 అడుగులే. సార్ చెప్పిన లెక్కకు 16 అడుగుల చిల్లర, అంటే 5 మీటర్లు కావాలి. ఫోటోలు, కొలతలు పెట్టి సోమవారం అర్జీ ఇస్తున్నాను. ఒక్క డౌటు సార్, కింద వైపు అప్రాన్ (కల్వర్టు చివర నేల కోసుకుపోకుండా వేసే పరుపు) సిమెంటుతో సమంగా పోస్తామన్నారు. పర్వాలేదా?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
సమంగా వద్దు. నీళ్లు తగ్గాక దాని మీద పలచగా పరుచుకుంటాయి, చేప వీపు కూడా తడవదు. అప్రాన్‌ను కూడా వంక నేల కిందికి దించి, పైన రాళ్లు పరవమనండి. నడిమధ్య కొంచెం పల్లంగా వదిలితే వేసవి నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. 5 మీటర్లయితే ఇంకా కల్వర్టే, 6 మీటర్లు దాటితేనే రోడ్లకు, వంతెనలకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో వంతెన అవుతుంది. ఆ మాట కూడా అర్జీలో రాయండి.