చిన్నప్పుడు తిన్న దెబ్బలు పెద్దయ్యాక బంధాల్ని చెడగొడతాయా? లేక అదొక సాకా?

చిత్తూరు మాస్టారు:
2009 విద్యాహక్కు చట్టం వచ్చి బడిలో బెత్తం పట్టుకోకూడదన్నారు. ఇప్పుడు ఇంట్లో కూడా వద్దంటున్నారు. మా నాన్న కొట్టినాడు, అయ్యవార్లు కొట్టినారు. మేం చెడిపోయామా? ఈ కాలం కుర్రాళ్లు భార్య మీద అరిచినా, స్నేహితులతో గొడవపడినా ‘చిన్నప్పుడు మా నాన్న కొట్టేవాడు’ అంటున్నారు. నాకైతే ఇది తప్పించుకునే మాటే.

తిరుపతి వార్డెన్:
మాస్టారూ, ఎప్పుడో తప్పు చేస్తే పడిన ఒక దెబ్బ గురించి మీరు చెబుతున్నారు. అదీ అక్కర్లేదనే నేనంటాను గానీ, నా బాధ దాని గురించి కాదు. ఎందుకు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని దెబ్బల గురించి.

మా హాస్టల్లో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు ఉండేవాడు. అలమర పైనుంచి పుస్తకం తీయడానికి పక్కవాడు చెయ్యెత్తితే చాలు, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకునేవాడు. స్నేహితురాలు ఫోన్ ఎత్తకపోతే ఆపకుండా చేస్తూనే ఉంటాడు. ఎత్తాక అరుస్తాడు, ఆ వెంటనే ఏడ్చి కాళ్లావేళ్లా పడతాడు. నాన్న బండి చప్పుడు వినగానే ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్కేసుకుంటూ పెరిగినవాడికి ఎదుటివాళ్ల మౌనం కూడా కోపంలాగే కనబడుతుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక ముందే గొడవ పెట్టుకుంటాడు.

కొర్లగుంట కుర్రోడు:
అక్కా, అంటే దెబ్బలు తిన్న ప్రతివాడూ రేపు పెళ్లాన్ని కొడతాడనా? నేను బెల్టు దెబ్బలు తిన్నోణ్ణే. ఇంతవరకు ఎవరిమీదా చెయ్యెత్తలేదు. ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే మాత్రం చెప్పులేసుకుని బయటికి పోతాను. మా ఆవిడ అలిగాననుకుంటుంది. ఇట్లాంటి మాటలు చదివి రేపు మాలాంటోళ్లకు పిల్లనివ్వడానికి కూడా జంకుతారు.

తిరుపతి వార్డెన్:
లేదు తమ్ముడూ, అలా ఎవరూ ముద్ర వేయకూడదు. అమెరికాలో క్యాథీ విడమ్ 1989లో రాసిన పరిశోధన ఇదే తేల్చింది. హింస, నిర్లక్ష్యం మధ్య పెరిగిన పిల్లలు పెద్దయ్యాక అరెస్టయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువే, కానీ వాళ్లలో ఎక్కువమంది నేరాల వైపు పోలేదు. నువ్వు బయటికి పోవడం కొట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఎందుకు పోతున్నావో మీ ఆవిడకు తెలియాలి కదా. ఒక్కసారి చెప్పి చూడు.

మాస్టారూ, మీకు ఇంకో మాట. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ‘నీ మంచికే కొడుతున్నా’ అనే మాట పుట్టింట్లో వింటూ పెరగబట్టే కదా, అత్తింట్లో అదే మాట వింటే ఎదురు చెప్పలేకపోతున్నారు?

చిత్తూరు మాస్టారు:
ఆ లెక్క చూస్తే నాకూ బాధగానే ఉందమ్మా. అయినా కారణం దొరికింది కదా అని ఆ అబ్బాయి అరుపుల్ని ఆ పిల్ల ఎందుకు భరించాలి?

తిరుపతి వార్డెన్:
భరించక్కర్లేదు. ఆ పిల్ల దూరం జరిగితే తప్పు పట్టను. ఆ అబ్బాయి మారాల్సిందే, దానికి వైద్యం కావాలి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. అంతదూరం రాలేనివాళ్లు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ వీధిలో ఇప్పటికీ దెబ్బలు తింటున్న పిల్లలుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.