మైలుకు డాలరు పావలా లోడు ఎవరు ఎత్తుతారు? ట్రక్కు కొనే ముందు ఒక సందేహం

గజపతినగరం:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. డాలస్ వచ్చి పది నెలలైంది. గ్రీన్ కార్డు ఉంది, లైసెన్సు తీసుకున్నాను, అయిదు నెలలుగా ఒక కంపెనీ ట్రక్కు నడుపుతున్నాను. నాన్నకు ఒకప్పుడు సాలూరులో రెండు లారీలు ఉండేవి, రాయపూర్ లైను. అందుకే సొంత బండి అంటే నాకు మొదటి నుంచీ మోజు. రాత్రిపూట లోడ్ బోర్డు, అంటే మోయాల్సిన సరుకులూ వాటి రేట్లూ పెట్టే వెబ్‌సైటు, చూస్తుంటాను. మైలుకు డాలరు పావలా, డాలరు ముప్పై అని పెట్టిన లోడు పది నిమిషాల్లో మాయమవుతుంది. ఆ రేటుకు ఎత్తేవాళ్లు ఎవరు? ఎందుకు ఎత్తుతారు? రేపు నేను కొంటే నేనూ అలాగే ఎత్తాల్సి వస్తుందా?

బొబ్బిలి:
తమ్ముడూ, కొనవద్దు. నీ ప్రశ్నకు తర్వాత వద్దాం, ముందు ఇది విను. లైసెన్సు వేరు, సొంతంగా సరుకు మోసే అనుమతి వేరు. ఆ అనుమతికి ఇక్కడ ట్రక్కుల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకు కట్టేది 300 డాలర్లే. అది చూసి అందరూ మురిసిపోతారు. అసలు దెబ్బ ఇన్సూరెన్సులో తగులుతుంది. చట్టం అడిగేది 7,50,000 డాలర్ల బీమా, కానీ పది లక్షలు లేనిదే, సరుకు యజమానికీ మనకూ మధ్య లోడు కుదిర్చే బ్రోకర్లు మాట్లాడరు. పైగా సరుకుకు లక్ష విడిగా. కొత్త కంపెనీకి మొదటి ఏడాది ప్రీమియం విన్నాక నేను రెండు రోజులు అన్నం తినలేదు. ఇంకో మాట: 2025 జూన్ 25 నుంచి రోడ్డు తనిఖీలో ఇంగ్లీషు అర్థం కాకపోతే బండి అక్కడే నిలిపేస్తున్నారు. నీకు ఇబ్బంది లేకపోవచ్చు, నీ దగ్గర పనికి వచ్చే కుర్రాడికి ఉండవచ్చు.

రాజాం:
బొబ్బిలి అన్నయ్య ఎప్పటిలాగే అడగని దానికి జవాబిచ్చారు. డాలరు పావలా లోడు ఎత్తిన మనిషిని నేనే, కాబట్టి నేను చెబుతాను.

2023 ఫిబ్రవరి. ట్రక్కు వెనక తగిలించే ట్రైలరును నెలకు 250 డాలర్లకు ఒక యార్డులో పెట్టుకునేవాడిని. తెలిసినవాళ్ల మాట మీద కుదిరిన చోటు, నగదు ఇవ్వడం, రసీదు లేదు. మన ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నట్టే అనుకున్నాను. ఒకసారి ట్రక్కు మాత్రమే తీసుకుని వేరేవాళ్ల ట్రైలరుతో జార్జియా వెళ్లి, పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. గేటు తెరిచే నంబరు మారిపోయింది. నా ట్రైలరు లోపల లేదు. యజమాని తాపీగా కాఫీ తాగుతూ, తలుపు మీద నోటీసు అంటించామనీ, అద్దె పెంచామనీ, పాత మేనేజరు వెళ్లిపోయాడనీ చెప్పాడు. నోటీసు అంటించిన రోజు నేను ఎనిమిది వందల మైళ్ల దూరంలో ఉన్నాను. ఫోన్ చేయలేదేమని అడిగితే నంబరు లేదన్నాడు. అదే నంబరు నుంచి ప్రతి ఒకటో తారీఖున అద్దె సంగతి మాట్లాడేవాడిని. ట్రైలరు లాక్కెళ్లినవాడి దగ్గరకు వెళితే లాగినందుకు, రోజువారీ నిల్వకు కలిపి 1,900 అడిగాడు. ఇద్దరి మధ్య నాలుగు రోజులు తిరిగాను. పోలీసులకు చెబితే ఇది మీ ఇద్దరి మధ్య సివిల్ తగాదా అన్నారు. చివరికి కట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పడానికి సిగ్గు లేదు.

అది బుధవారం. శుక్రవారం ట్రక్కు నెల వాయిదా 2,150. ఆ రాత్రి డాలస్ నుంచి అట్లాంటాకు 780 మైళ్ల లోడు కనిపించింది, మొత్తం 975. బ్రోకరు గొంతులో తొందర లేదు, ఇంకో ఇద్దరు లైనులో ఉన్నారన్నాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు, తెలుసుకునే స్థితి కూడా కాదు. ఎత్తాను. ఫ్యాక్టరింగ్ వాళ్లు నూటికి మూడు పట్టుకుని మర్నాడే డబ్బు వేస్తారు, మామూలుగా బ్రోకరు ఇచ్చేదాకా ఆగితే నెల. ఎత్తేది ఎందుకంటే ఇందుకే, తమ్ముడూ.

పలాస:
యార్డు కథ బాగుంది, జాలి కూడా వేసింది. కానీ నీలాంటి వాళ్ల వల్లే రేట్లు పాడయ్యాయి. నేను రెండు డాలర్లకు తక్కువ ముట్టను. ముట్టకపోతే ఆ లోడు రేటు పెంచక బ్రోకరేం చేస్తాడు?

రాజాం:
పలాస గారూ, మీది రిఫ్రిజిరేటర్ ట్రైలరు, మీకు ఒకే గిడ్డంగితో నేరుగా ఒప్పందం. మీరు లోడ్ బోర్డు తెరిచి ఎన్నాళ్లయింది? మొదటి ఏడాది ఫ్లోరిడా నుంచి మీరు ఎంత రేటుకు ఎత్తుకొచ్చారో ఇక్కడే రాశారు, పాత టపాలు వెతకమంటారా?

పలాస:
ఫ్లోరిడా వేరు. అక్కడికి సరుకు పోతుంది గానీ రాదు. వసంతంలో కూరగాయల కాలం తప్పిస్తే బయటికొచ్చే లోడు దొరకడమే గొప్ప. అక్కడికి వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం నష్టాన్ని కూడా కలిపి రేటు అడగాలి. నేను అడగలేదు, అది నా తప్పు, ఒప్పుకున్నాను కదా.

గజపతినగరం:
ఫ్లోరిడా సంగతి విని నాన్న గుర్తొచ్చారు. రాయపూర్‌లో రిటర్న్ లోడు కోసం మూడు రోజులు లారీ కింద చాప వేసుకుని పడుకున్నానని చెప్పేవారు. అయితే అక్కడ యూనియన్ ఆఫీసులో వరుస నంబరు ఉండేది, కిరాయి ఒకరు తగ్గిస్తే మిగతావాళ్లు ఊరుకునేవారు కాదు. ఇక్కడ అందరూ కలిసి రెండు డాలర్లకు తక్కువ ఎత్తం అనలేరా?

నరసన్నపేట:
నాయనా, ఆ మాట ఇక్కడ రాతలో పెట్టకు. ఉద్యోగులైతే సంఘం పెట్టి జీతం అడగవచ్చు. సొంత ట్రక్కువాడు చట్టం దృష్టిలో ఒక్కొక్కడూ ఒక కంపెనీ. కంపెనీలు కూడబలుక్కుని ధర కట్టడం 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం నేరం. సాలూరు పద్ధతి ఇక్కడ జైలు పద్ధతి.

ఒకప్పుడు ఇక్కడా ఇలా ఉండేది కాదు. ఎవరు ఏ దారిలో ఏ సరుకు మోయాలో, ఎంతకు మోయాలో ప్రభుత్వ కమిషన్ చూసేది. కొత్తవాడికి అనుమతి దొరకడం గగనం. 1980లో కార్టర్ సంతకంతో చట్టం మారి తలుపులు బార్లా తెరిచారు. ఇప్పుడు నూటికి తొంభైకి పైగా కంపెనీలకు పది ట్రక్కులు మించి లేవు. 2021లో రేట్లు ఆకాశానికి వెళ్లినప్పుడు మన పిల్లలు కూడా ఎందరో అప్పు చేసి కొన్నారు. 2022 జూన్‌కు డీజిల్ గాలన్ 5 డాలర్ల 80 సెంట్లు దాటింది, రేట్లేమో అప్పటికే దిగుతున్నాయి. సరుకు తగ్గింది, ట్రక్కులు తగ్గలేదు. అప్పు ఉన్నవాడు బండి ఆపలేడు కదా.

బొబ్బిలి:
బాబాయ్ గారు చెప్పింది నిజం. కానీ హక్కులు కూడా చెప్పాలి. గిడ్డంగిలో రెండు గంటలు దాటి నిలబెడితే గంటకు ఇంత అని ఇవ్వాలని చట్టం ఉంది. అలాగే సరుకు యజమాని ఎంత ఇచ్చాడో బ్రోకరు చూపించి తీరాలి, ఫెడరల్ నిబంధనల్లో సెక్షన్ 371.3. ఇవి అడగకుండా ఏడుస్తారు.

పలాస:
రెండు గంటలు చట్టం కాదు అన్నగారూ, ఆనవాయితీ. లోడు కుదిరాక బ్రోకరు పంపే ఒప్పంద కాగితం, రేట్ కన్ఫర్మేషన్‌లో రాసి ఉంటేనే వస్తుంది. రాయించుకున్నా, లోపలికి వచ్చిన సమయం, వెళ్లిన సమయం కాగితం మీద వేయించకపోతే రాదు. 371.3 ఉన్న మాట వాస్తవమే, కానీ ఆ హక్కు వదులుకుంటున్నామని బ్రోకర్లు ఒప్పందంలోనే సంతకం పెట్టించుకుంటారు. మీరూ పెట్టే ఉంటారు, చదివి ఉండరు.

బొబ్బిలి:
చదివే పెట్టాను.

రాజాం:
చదివి పెట్టారా? అయితే మరీ అన్యాయం.

నరసన్నపేట:
ఒక సవరణ. మొదటి టపా చదివి సాలూరు విజయనగరం జిల్లాలోనే ఉందనుకోకండి. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. రాజాం మాత్రం మా శ్రీకాకుళం నుంచి విజయనగరానికి పోయింది.

రాజాం:
పోలేదు బాబాయ్, లాక్కెళ్లారు. నా ట్రైలరులాగే.

చీపురుపల్లి:
మా ఆయన ట్రక్కు లెక్కలు ఏడేళ్లుగా నేనే రాస్తున్నాను. రాజాం తమ్ముడి 975 డాలర్ల లోడుకు నా పద్ధతిలో లెక్క వేశాను, తప్పైతే దిద్దండి. లోడు ఎత్తడానికి ఖాళీగా వెళ్లిన దూరం 60 మైళ్లనుకుందాం. మొత్తం 840. గాలన్‌కు ఆరున్నర మైళ్లు, గాలన్ 4 డాలర్ల 20 సెంట్లు అంటే డీజిల్ 543. ఫ్యాక్టరింగ్ 29. చేతికి 403. తమ్ముడి నెల వాయిదా 2,150కి నెల ఇన్సూరెన్సు 1,300 కలిపి రోజుకు 115 పడుతుంది. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు కాబట్టి రెండు రోజులు, 230. మిగిలింది 173. నడిపింది పదిహేను గంటలు, ఎత్తడానికి దించడానికి అయిదు. గంటకు 8 డాలర్ల 65 సెంట్లు. టెక్సస్‌లో కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు కాబట్టి ఫరవాలేదనిపిస్తుంది. టైర్లు, ఆయిలు, మరమ్మతులకు మా పుస్తకంలో మైలుకు 20 సెంట్లు పడుతోంది. 840 మైళ్లకు 168. ఇప్పుడు మిగిలింది 5 డాలర్లు.

ఆ 168 ఆ రోజు జేబులోంచి పోదు, ఆరు నెలల తర్వాత టైరు పేలిన రోజు పోతుంది. అందుకే ఎత్తేటప్పుడు ఎవరికీ కనిపించదు. దేశం మొత్తం మీద ట్రక్కు నడిపే ఖర్చు 2023లో మైలుకు 2 డాలర్ల 27 సెంట్లని ట్రక్కింగ్ మీద పరిశోధన చేసే ఏటీఆర్‌ఐ సంస్థ లెక్క కట్టింది. అందులో డ్రైవరు జీతం కూడా ఉంది. మన మగవాళ్లు తమ జీతాన్ని ఖర్చులో రాయరు, మిగిలిందే జీతం అనుకుంటారు. రాయకపోతే డాలరు పావలా కూడా లాభంలాగే ఉంటుంది. పలాస గారూ, తమ్ముడిని తిట్టకండి. ఆ రోజు బండి ఆపి ఉంటే 5 డాలర్లు రావడం మాట అటుంచి 230 పోయేది. ఏ లోడుకు ఆ లోడు విడిగా చూస్తే ఎత్తడమే సరైనదనిపిస్తుంది. సంవత్సరం చివర కూడితే తెలుస్తుంది ఎక్కడ పోయిందో.

గజపతినగరం తమ్ముడూ, మూడు నెలల వాయిదా, ఇన్సూరెన్సు విడిగా బ్యాంకులో పెట్టాకే బండి వైపు చూడు. కొత్త అనుమతి అయితే తొంభై రోజులో ఆరు నెలలో నిండందే లోడు ఇవ్వని బ్రోకర్లు చాలామంది. ఇచ్చేవాళ్లు మిగిల్చిందే నీకు.

గజపతినగరం:
అక్కా, ఇది చదివి నాన్నకు ఫోన్ చేశాను. రాయపూర్ లైనులో టైర్ల ఖర్చు కిరాయిలో కలిపేవారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. రెండో లారీ ఎందుకు అమ్మానో ఇన్నాళ్లకు అడిగావు అన్నారు. మీ లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఫోటో పంపగలరా?

చీపురుపల్లి:
పంపాను. ఆరో వరుస వదిలేయి, అది మా ఆయన దారిలో కొనే లాటరీ టిక్కెట్లు.