విశాఖలో మిస్టరీ షాపింగ్ ఒక్కదాని మీదే ఇల్లు గడుస్తుందా?

సీతమ్మధార_బండి

అందరికీ నమస్కారం. మిస్టరీ షాపింగ్‌నే పూర్తికాలం పనిగా పెట్టుకుంటే విశాఖలో నెలకు పాతిక వేలు చేతికి మిగులుతాయా? పని ఏమిటో తెలుసు. మామూలు కస్టమర్‌లా షోరూంకో, పెట్రోల్ బంకుకో, బ్యాంకుకో వెళ్లి, వాళ్లు ఎలా మాట్లాడారో, ఎంతసేపు నిలబెట్టారో గమనించి ఏజెన్సీకి రిపోర్టు రాయాలి. బండి ఉంది, మంచి ఫోన్ ఉంది, ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయగలను.

ఒక విజిట్‌కు అన్నీ కలిపి ఎంత టైం పడుతుంది? ఊళ్లో నెలంతా సరిపడా పని దొరుకుతుందా? రిపోర్టులు ఎందుకు తిరగ్గొడతారు? డబ్బు ఎప్పుడొస్తుంది? ఇంకోటి, టెలిగ్రామ్‌లో "హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు, రోజుకు మూడు వేలు" అని మెసేజ్‌లు వస్తున్నాయి. అదీ ఇదే పనేనా?

ఎన్ఏడీ_కొత్తరోడ్

ముందు టెలిగ్రామ్ సంగతి తేల్చేద్దాం. అది ఈ పని కాదు, మోసం. మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అంటూ మీ చేత వెయ్యి, ఐదు వేలు, యాభై వేలు కట్టించుకుంటారు. ఆ డబ్బు వెనక్కి రాదు. అసలైన ఏజెన్సీ ఏదీ రిజిస్ట్రేషన్‌కు గానీ, ట్రైనింగ్‌కు గానీ, "సెక్యూరిటీ డిపాజిట్"కు గానీ రూపాయి అడగదు. అడిగిందంటే అక్కడితో ఆపేయండి. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత ముందు చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏజెన్సీ నిజమైనదో కాదో చూసుకోవడానికి ఎంఎస్‌పీఏ అనే అంతర్జాతీయ సంఘం ఉంది. దాని సైట్‌లో సభ్యుల జాబితా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఇక లెక్క. ఫీజు క్లయింటును, అంటే విజిట్ చేయించుకునే కంపెనీని బట్టి మారుతుంది గానీ, విజిట్‌కు 400 అనుకుందాం. మీరు సీతమ్మధార నుంచి గాజువాక వెళ్లి వస్తే రానుపోను 30 కిలోమీటర్ల పైమాటే, పెట్రోలు ఓ 80 రూపాయలు. గైడ్‌లైన్స్ చదివి వాళ్లు పెట్టే చిన్న పరీక్ష పాసవడానికి అరగంట, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌తో కలిపి ప్రయాణం గంటన్నర, షాపులో అరగంట, రిపోర్టుకు గంటన్నర, ఏజెన్సీలో రిపోర్టు సరిచూసే ఎడిటర్ అడిగే ప్రశ్నలకు పావుగంట. మొత్తం నాలుగుంపావు గంటలకు మిగిలేది 320. పాతిక వేలు రావాలంటే 78 విజిట్లు, అంటే 330 గంటలు. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు కష్టపడినా 208 గంటలే. ఒక్కో విజిట్‌కు ఒక్కో ప్రయాణం చేస్తే ఈ పని కూలికి కూడా గిట్టదు.

అందుకే పూర్తికాలం చేసేవాళ్లు దారి చూసుకుని పని ఒప్పుకుంటారు, పని చూసుకుని దారి పట్టరు. విశాఖ పొడుగ్గా సాగిన ఊరు కాబట్టి ఇది మనకు కలిసొస్తుంది. ఎన్ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం, అనకాపల్లి ఒక వరస. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, ఆనందపురం ఇంకో వరస. ద్వారకానగర్, ఆశీలుమెట్ట, సిరిపురం, డాబాగార్డెన్స్, జగదాంబ అంతా ఒక గుంపు, బండి ఒకచోట పెట్టి రెండు మూడు చోట్లకు నడిచి వెళ్లొచ్చు. ఒకే వరసలో మూడు విజిట్లు కలిపితే రిపోర్టులతో సహా ఎనిమిదిన్నర గంటల్లో అయిపోతుంది. 1,200లో పెట్రోలు 90 పోను 1,110. అలాంటివి 23 రోజులు పడితే పాతిక వేలు దాటుతుంది.

కాగితం మీద కుదిరింది కదా, అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 23 రోజులు, రోజుకు మూడు అంటే 69 విజిట్లు. వాటికి అడ్డం పడేది రొటేషన్. ఒకసారి వెళ్లిన శాఖకు అదే మనిషిని చాలామంది క్లయింట్లు మూడు నెలల దాకా పంపరు, కౌంటర్లో వాళ్లు గుర్తుపడతారని. ఒక కంపెనీకి విశాఖలో ఆరు శాఖలున్నాయనుకోండి, మీ వాటా నెలకు రెండే. ఆ లెక్కన 69 నిండాలంటే 35 మంది క్లయింట్లు కావాలి. వాళ్లంతా ఒకే నెలలో, అన్ని శాఖల్లో, మీకే పని ఇవ్వాలి. ఇంత పెద్ద ఊరైనా విశాఖలో అది జరగదు. ఒక్క విశాఖ మీద, ఒక్క మిస్టరీ విజిట్ల మీద పాతిక వేలు రావు అనే నా మాట. దానికి పక్కపనులు జోడిస్తే వేరే సంగతి, అది తర్వాత చెప్తాను.

ఎర్రపెన్ను

నేను రాసేది రిపోర్టుల గురించి. ఫీజు కోతలు ఎక్కువగా పడేది అక్కడే.

ఎడిటర్‌కు కావాల్సింది మీ అభిప్రాయం కాదు, జరిగింది జరిగినట్టు. "సిబ్బంది చాలా మర్యాదగా ఉన్నారు" అని రాస్తే తిరిగొస్తుంది. "లోపలికి వచ్చిన 40 సెకన్లకు నీలం చొక్కా, కళ్లజోడు, సుమారు 25 ఏళ్ల సేల్స్‌మన్ ఎదురొచ్చి 'రండి సార్, ఏం చూపించమంటారు' అన్నాడు" అని రాస్తే నిలబడుతుంది. అతనన్న మాటను తెలుగులోనే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, అర్థం పక్కన పెట్టండి. ఇంగ్లిష్‌లోకి తిప్పి కోట్ చేస్తే, ఆడియో రికార్డింగ్ ఉన్న పనుల్లో కంపెనీవాళ్లు దానితో పోల్చినప్పుడు మాట కలవదు.

టైమింగులు ఇంకో పెద్ద తలనొప్పి. ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్‌నే తీసుకోండి. క్యూలో నిలబడ్డ క్షణం, ఆర్డరు చెప్పడం మొదలైన క్షణం, బిల్లు చేతికొచ్చిన క్షణం, ట్రే అందిన క్షణం, ఈ నాలుగూ విడివిడిగా కావాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ముందే ఆన్ చేసి జేబులో పెట్టుకుని, ప్రతి ఘట్టంలో మెసేజ్ చూసుకుంటున్నట్టు తీసి ల్యాప్ నొక్కాలి. సెకన్లు అక్కర్లేని చోట మీ వాట్సాప్ నంబరుకు మీరే ఒక్కో అక్షరం పంపుకుంటే చాలు, టైం దానంతటదే పడుతుంది. అంతేగానీ కౌంటర్ ముందు నిలబడి వాక్యాలు టైప్ చేశారంటే దొరికిపోయినట్టే. ఐటమ్ వేడి, రుచి, గ్లాసులో ఐసు వగైరా నోట్సు టేబుల్ దగ్గర కూర్చున్నాక రాసుకోవచ్చు.

బిల్లు సంగతి. థర్మల్ కాగితం, రెండు వారాలు పర్సులో ఉంటే అక్షరాలు ఎగిరిపోతాయి. బయటికి రాగానే చదునుగా పెట్టి, నాలుగు మూలలూ కనబడేలా ఫోటో తియ్యాలి. పొడుగు బిల్లయితే రెండు ఫోటోలు, మధ్యలో రెండు మూడు లైన్లు రెండింట్లోనూ రావాలి. యూపీఐ స్క్రీన్‌షాట్ బిల్లు కింద లెక్క కాదు. ఏజెన్సీ తిరిగిచ్చే ఖర్చుకు (రీయింబర్స్‌మెంట్) పరిమితి 300 అన్నచోట 420కి తింటే ఆ 120 మీదే. చెప్పిన ఐటమ్ లేదని వేరేది కొంటే ఒక్కోసారి మొత్తం విజిటే చెల్లదు, అలాంటప్పుడు కొనకముందే షెడ్యూలర్‌కు, అంటే ఏజెన్సీలో పనులు పంచే మనిషికి ఫోన్ చెయ్యాలి.

తప్పు శాఖకు వెళ్లడం విశాఖలో మామూలే. ద్వారకానగర్‌లో లైన్లు, సందులు ఉన్నాయి కదా, ఒకే బ్రాండు బోర్డు దగ్గర దగ్గర్లో రెండు చోట్ల కనబడొచ్చు. బిల్లు మీద జీఎస్టీ నంబరు చూసి సరిపోయిందనుకోకండి, ఒక రాష్ట్రంలో ఒక కంపెనీ శాఖలన్నింటికీ సాధారణంగా ఒకటే నంబరు ఉంటుంది. చూడాల్సింది బిల్లు పైన ఉండే స్టోర్ కోడ్, చిరునామా. అసైన్‌మెంట్‌లో ఉన్న కోడ్‌తో అక్షరం అక్షరం కలవాలి.

చివరగా, రిపోర్టు దానికదే ఎదురు తిరగకూడదు. "పలకరించారా?" దగ్గర "లేదు" టిక్ చేసి, కింద వివరణలో "నమస్తే అన్నాడు" అని రాస్తే ఎడిటర్ ఆపేస్తాడు. పంపే ముందు టిక్కులన్నీ వివరణతో పక్కపక్కన పెట్టి చదవాలి, పదే పది నిమిషాలు. చాలా ఏజెన్సీలు రిపోర్టుకు మార్కులు వేస్తాయి, తర్వాతి పనులు ఎవరికివ్వాలో ఆ మార్కులు చూసే తేలుస్తాయి.

సీతమ్మధార_బండి

ఇద్దరికీ ధన్యవాదాలు. రొటేషన్ సంగతి ఇంతవరకు ఆలోచించలేదు. ఎన్ఏడీ గారూ, పక్కపనులు అన్నారు కదా, అవేమిటి? ఇంకో సందేహం, కారు షోరూంలో ఫోన్ నంబరు ఇవ్వమంటారు. సొంత నంబరే ఇవ్వాలా?

ఎన్ఏడీ_కొత్తరోడ్

నంబరు సంగతి మంచి ప్రశ్న. తప్పుడు నంబరు ఇస్తే పని పాడవుతుంది, ఎందుకంటే షోరూంవాళ్లు 24 గంటల్లో తిరిగి ఫోన్ చేశారా లేదా అన్నది కూడా చాలా రిపోర్టుల్లో ఒక ప్రశ్న. సొంత నంబరు ఇస్తే అది వాళ్ల సిస్టంలో ఉండిపోతుంది. తర్వాత ఇంకో శాఖలో అదే నంబరు కొడితే "సార్ ఇంతకుముందు గాజువాకలో వచ్చారు కదా" అని పాత చిట్టా బయటికొస్తుంది. ఈ పనికని విడిగా ఒక సిమ్ పెట్టుకోండి, అది మీ పేరు మీదే ఉండాలి. ఎవరికి ఎప్పుడు ఇచ్చారో ఒక షీట్‌లో రాసుకోండి. ఆ షీట్‌లోనే శాఖ, తేదీ, మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు, ఫీజు, రావాల్సిన రీయింబర్స్‌మెంట్, డబ్బు పడిన తేదీ కూడా ఉంటే రొటేషన్ తేదీలు చేతిలో ఉంటాయి.

పక్కపనుల్లో మొదటిది రిటైల్ ఆడిట్. షాపుకు చెప్పే వెళ్తాం, ఏజెన్సీ లెటరు చూపించి ధరలు, ర్యాకులో ఎన్ని వరసలున్నాయి, పోస్టర్ ఉందా, ఎక్స్‌పైరీ తేదీలు, ఇవి నమోదు చేసి ఫోటోలు తియ్యాలి. దాచేది ఏమీ లేదు గనుక రొటేషన్ బెడద లేదు. ఒక్కో షాపుకు ఇచ్చేది తక్కువ, కానీ వివరణ రాయక్కర్లేదు, ఒక రోజులో చాలా షాపులు అవుతాయి. పూర్ణామార్కెట్ లాంటి చోట ఉదయం పూట దుకాణందారుకు క్షణం తీరిక ఉండదు, మధ్యాహ్నం రెండు నాలుగు మధ్య వెళ్తే నిలబడి మాట్లాడతారు.

రెండోది చిన్న ఊళ్లు. నర్సీపట్నం, శ్రీకాకుళం, పలాస లాంటి చోట్లకు ఏజెన్సీలకు మనుషులు దొరకరు. 20వ తారీఖు దాటాక మిగిలిపోయిన వాటికి ఫీజు పెంచుతారు. అప్పుడు షెడ్యూలర్‌కు ఫోన్ చేసి "శ్రీకాకుళం దారిలో ఉన్నవన్నీ కలిపి ఇవ్వండి, రవాణా ఇంత కావాలి" అని అడగొచ్చు. ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకున్నాకే బయల్దేరండి. భోగాపురం, రణస్థలం దగ్గర హైవే మీద బంకులు తగులుతాయి, వాటినీ అదే రోజు కలుపుకోవాలి. శ్రీకాకుళానికి రైలెక్కితే దిగేది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి మళ్లీ ఊళ్లోకి వెళ్లాలి. ఫలానా గంటల మధ్యే వెళ్లాలనే టైం విండో ఉన్న పనికి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సే మేలు.

మూడోది ఇంట్లో కూర్చుని చేసేవి. ఫోన్ మీద మిస్టరీ కాల్స్, తెలుగు ఆడియో విని ఇంగ్లిష్‌లో రాసివ్వడం, రిపోర్టు ఎడిటింగ్. వానాకాలంలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బయటి విజిట్లు ఎక్కడివక్కడే ఆగిపోతాయి, ఆ రోజుల్లో ఆదుకునేవి ఇవే.

లెక్కల_పద్దు

డబ్బు విషయం ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. పేమెంట్ రిపోర్టు ఆమోదమయ్యాక 30 నుంచి 60 రోజులకు. ఒక్కోచోట నెలాఖరు నుంచి లెక్క మొదలవుతుంది, అంటే 3వ తారీఖు చేసిన విజిట్‌కు దాదాపు మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా తిండి, కొన్న వస్తువు, పెట్రోలు అన్నీ మీ జేబులోంచే. నెలకు 20 భోజనం విజిట్లు, ఒక్కోటి 500 అనుకుంటే నెలకు పదివేలు, రెండు నెలలకు ఇరవై వేలు మీ డబ్బు బయట తిరుగుతూ ఉంటుంది. ఇంటిఖర్చు దీనికి అదనం. మూడు నెలల ఇంటిఖర్చు, పైన ఒక పాతిక వేలు విడిగా లేకుండా ఉద్యోగం మానెయ్యకండి. ఇంకో మాట, భోజనం రీయింబర్స్‌మెంట్ ఆదాయం కాదు. 100 ఫీజు, 500 భోజనం ఉన్న పనిని "600 పని" అని లెక్కేసుకుంటే నెలాఖరుకు అద్దె కట్టలేరు.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను. పరిమితి దాటితే కొన్ని ఏజెన్సీలు వృత్తి ఫీజు కింద 10 శాతం పట్టుకుంటాయి, కొన్ని కాంట్రాక్టు కింద 1 శాతం. పాన్ ఇవ్వకపోతే 20. రీయింబర్స్‌మెంట్ మీద కూడా పట్టుకుంటారేమో ముందే అడగండి, విడిగా బిల్లులతో చూపిస్తే పట్టుకోని ఏజెన్సీలను ఎంచుకోండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి పట్టుకున్నదంతా రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. వెయ్యకపోతే అది పోయినట్టే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి కంగారు వద్దు, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే.

సీతమ్మధార_బండి

అర్థమైంది. ఉద్యోగం వదలకుండా ఆదివారాలు మొదలుపెడతాను. ఎర్రపెన్ను గారూ, ఎడిటింగ్ పని ఎలా అడగాలండీ?

ఎర్రపెన్ను

కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వరండి. ఒకే ఏజెన్సీలో వరసగా మంచి మార్కులున్న రిపోర్టులు కొన్ని పడ్డాక షెడ్యూలర్‌కు మెయిల్ పెట్టండి. అందులో తెలుగు, ఇంగ్లిష్ రెండూ వచ్చని, రోజుకు ఎన్ని గంటలు కూర్చోగలరో రాయండి. సాధారణంగా తప్పులున్న రిపోర్టు ఒకటి ఇచ్చి దిద్దమంటారు. అక్కడ చాలామంది ఇంగ్లిష్ బాగు చేసి పంపేస్తారు. వాళ్లు చూసేది అది కాదు. బిల్లు మీద టైం 7:42 ఉండి, రిపోర్టులో ఆర్డరు చెప్పింది 7:50 అని ఉంటే దాన్ని పట్టుకున్నారా, పట్టుకుని మీరే మార్చేశారా లేక షాపర్‌ను అడిగారా అన్నది చూస్తారు. అడగాలి. ఎడిటర్ టైం మార్చకూడదు. ఇంకో మాట, ఆదివారం సాయంత్రం కొందరు క్లయింట్ల టైం విండోలో ఉండకపోవచ్చు, ఒప్పుకునే ముందు అది చూసుకోండి.