దిగువన ఇల్లు లేస్తే మన మట్టికట్ట ‘హై హజార్డ్’ అయిపోతుందా?

ప్రశ్న
అమెరికాలో కొనబోయే పొలంలో సొంత చెరువు ఉంది. మట్టికట్ట ఎత్తు 27 అడుగులు, నిండితే 60 ఎకర్-అడుగులు (సుమారు 7.4 కోట్ల లీటర్లు). తూము ముడతల ఇనప గొట్టం, వయసు 45 ఏళ్లు. రికార్డులో ప్రమాద తరగతి ‘లో హజార్డ్’ (తక్కువ ప్రమాదం) అనే ఉంది. ఇప్పుడు అరమైలు దిగువన కొత్త ఇల్లు కడుతున్నారు. కట్ట గట్టిగానే ఉంది కదా, తరగతి మారుతుందా?

జవాబు 1
మారొచ్చు. ఆ తరగతి కట్ట గట్టితనాన్ని చూసి ఇచ్చేది కాదు, గండి పడితే దిగువన ఏమవుతుందో చూసి ఇచ్చేది. ఒక్క ప్రాణమైనా పోయే అవకాశం ఉంటే ‘హై’. ప్రాణనష్టం లేకుండా రోడ్లు, ఆస్తులు దెబ్బతినేలా ఉంటే ‘సిగ్నిఫికెంట్’. నష్టం దాదాపు యజమానికే పరిమితమైతే ‘లో’. కట్ట పరిస్థితికి వేరే గ్రేడు ఉంటుంది. అంటే మీరు తట్టెడు మట్టి కదపకపోయినా తరగతి పెరగొచ్చు.

అసలు ఖర్చు అలుగు దగ్గర వస్తుంది. ‘హై’ అయితే చాలా పెద్ద వరదను అలుగు దాటించగలగాలి, అత్యవసర ప్రణాళిక కూడా ఉండాలి. కొనే ముందే ఇంజనీరుతో ముంపు మ్యాపు గీయించండి: వాన లేని రోజు గండి పడితే ఒకటి, పెద్ద వానలో పడితే ఒకటి. ఆ ఇంటి గడప ఎత్తుతో పోల్చి చూస్తేనే తేలుతుంది. నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

జవాబు 2
తరగతి సరే, నా భయం ఆ తూము గొట్టం మీద. ముడతల గొట్టం ముందు అడుగుభాగంలో, అతుకుల దగ్గర తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. చుట్టూ ఉన్న మట్టి ఆ చిల్లుల్లోంచి నీళ్లతో పోతూ ఉంటుంది, పైన కట్ట మాత్రం పచ్చగా కనిపిస్తుంది. గొట్టం వెళ్లే గీత వెంబడి వాలు మీద చిన్న గుంట కుంగిందా చూడండి. గొట్టంలోకి నీళ్లు రాకుండా ఆపించి లోపలికి కెమెరా పంపించండి.

గొట్టం గుండ్రంగా నిలిచి ఉంటే లోపల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టం దూర్చి సందులో గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద) నింపొచ్చు, నీటి ప్రవాహం కొంత తగ్గుతుంది. నలిగిపోయి ఉంటే తవ్వి మార్చడమే. అప్పుడు గొట్టం చుట్టూ బయటి వాలు వైపు ఇసుక ఫిల్టరు పెట్టాలి. ఊట ఆపడానికి గొట్టం చుట్టూ పట్టీల్లా పోసే పాతకాలపు కాంక్రీటు కాలర్లను నమ్ముకోవద్దు, వాటి పక్కన మట్టి సరిగా దిమ్మిస కొట్టడం కుదరదు.

చేపలు పోతాయని అలుగుకు జాలీ కట్టారేమో కూడా చూడండి. వానలో చెత్త పట్టేసి నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి.

ప్రశ్న అడిగినవారు
గొట్టం చివర నారింజ రంగు జిగురు ఉంది. కట్ట మట్టి కొట్టుకుపోతోందా? బయటి వాలు మీద అడుగు లావు చెట్లు రెండున్నాయి, నరికించనా?

జవాబు 3
గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తేలికైన దూదిలా తేలుతూ, వేళ్ల మధ్య జారితే ఇనుము తినే బ్యాక్టీరియా. అడుగున గరగరలాడే మడ్డి దిగితే అది కట్ట మట్టే కావొచ్చు, ఇంజనీరును వెంటనే పిలవండి. ఊట తేటగా ఉన్నా వారానికోసారి బకెట్టు, స్టాప్‌వాచీతో కొలిచి చెరువు మట్టంతో పాటు రాసుకోండి. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగితే లోపల బుంగ పడుతుండొచ్చు. ఊటను బయట నుంచి బంకమట్టితో మూయొద్దు, ఒత్తిడి పెరిగి మరోచోట తన్నుకొస్తుంది.

చెట్లను నరికి మొదలు వదిలేస్తే వేళ్లు కుళ్లి సొరంగాలవుతాయి. అంత లావు చెట్లకు చెరువు మట్టం దించి, వేళ్లతో సహా తీసి, పొరలు పొరలుగా మట్టి పోసి దిమ్మిస కొట్టాలి. దించేటప్పుడు రోజుకు అడుగు మించకండి, తడి లోపలి వాలు జారిపోతుంది.