ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉండేది సైటోప్లాజంలోనా, న్యూక్లియస్‌లోనా? (మార్కుల గొడవ)

నీట్_నాన్న: మావాడి వారం పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది. "హార్మోన్ చేరకముందు ఈస్ట్రోజన్ గ్రాహకం కణంలో ఎక్కడ ఉంటుంది?" (గ్రాహకం అంటే రిసెప్టర్, హార్మోన్‌ని పట్టుకునే ప్రోటీన్.) ఆప్షన్లు: 1. ప్లాస్మా త్వచం (కణం పైపొర) 2. కణద్రవ్యం (సైటోప్లాజం) 3. కేంద్రకం (న్యూక్లియస్) 4. మైటోకాండ్రియా. వాడు 3 పెట్టాడు, కీలో 2 ఉంది. నాలుగు మార్కులు పోయాయి, పైగా మైనస్ ఒకటి. ఎవరిది సరైందో తెలిసినవాళ్లు చెప్పండి.

జువాలజీ_మాస్టారు: కీ కరెక్టే. 31 ఏళ్లు ఇదే పాఠం చెప్పాను. ఈస్ట్రోజన్ స్టెరాయిడ్ హార్మోన్, కొవ్వులో కరుగుతుంది కాబట్టి త్వచం దాటి లోపలికి వస్తుంది, కణద్రవ్యంలో గ్రాహకాన్ని పట్టుకుంటుంది, రెండూ కలిసి కేంద్రకంలోకి వెళ్తాయి. రెండంచెల పద్ధతి అంటాం. ఎలుక గర్భాశయాన్ని రుబ్బి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, హార్మోన్ ఇవ్వని ఎలుకలో గ్రాహకం పైన తేరుకున్న ద్రవంలోనే దొరికింది. ఇందులో వాదించడానికేముంది?

ల్యాబ్_కోటు: ఆ రుబ్బడంలోనే ఉంది మాస్టారూ. పోపుల డబ్బా జారి కిందపడితే ఆవాలు నేలంతా దొరుకుతాయి. అంతమాత్రాన ఆవాలు ఉండే చోటు నేలేనా? హార్మోన్ పట్టని రిసెప్టర్ న్యూక్లియస్‌లో వదులుగా ఉంటుంది. కణాన్ని చిదిమి ద్రావణంలో కలపగానే బయటికి కారిపోతుంది.

1984లో నేచర్ పత్రికలో దీనిమీద రెండు పేపర్లు వచ్చాయి. కింగ్, గ్రీన్ ఈ రిసెప్టర్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలతో రంగు వేసి చూస్తే న్యూక్లియస్‌కే రంగు పట్టింది. వెల్షన్స్, లీబర్‌మన్, గోర్స్కీ అసలు రుబ్బనే లేదు. సైటోకలాసిన్ అనే మందు వేసి కణాల్ని తిప్పితే న్యూక్లియస్ ఊడి విడిగా వచ్చేస్తుంది. ఒకపక్క న్యూక్లియస్ లేని ఉత్త సైటోప్లాజం, ఇంకోపక్క పలుచటి పొర చుట్టుకున్న న్యూక్లియస్. హార్మోన్ తగలని రిసెప్టర్లు దాదాపు అన్నీ న్యూక్లియస్ ఉన్న ముక్కలోనే దొరికాయి. మీ అబ్బాయిదే రైటు.

గోదారి_గట్టు: రైటు ఎవరిదైనా మార్కులేసేది కీ అండీ.

జువాలజీ_మాస్టారు: అమ్మా, మరి కార్టిసాల్ సంగతేంటి? అదీ స్టెరాయిడే. దాని గ్రాహకం హెచ్‌ఎస్‌పీ90 ప్రోటీన్ పట్టులో కణద్రవ్యంలోనే ఉంటుంది, హార్మోన్ తగిలాకే లోపలికి పోతుంది. ఇది కూడా రుబ్బితే వచ్చిందేనా?

ల్యాబ్_కోటు: కాదు, అది నిజమే. ఆ రిసెప్టర్‌కి మెరిసే ప్రోటీన్ తగిలించి, కార్టిసాల్‌లా పనిచేసే డెక్సామెథసోన్ మందు వేసి, బతికున్న కణంలోనే చూడొచ్చు. అరగంట తిరక్కుండా వెలుగంతా న్యూక్లియస్‌లోకి చేరుతుంది. కానీ ప్రశ్న కార్టిసాల్ గురించి కాదు కదా.

జువాలజీ_మాస్టారు: ఈస్ట్రోజన్ స్టెరాయిడ్ అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.

ల్యాబ్_కోటు: అవును. కోడీ పక్షే, పావురమూ పక్షే. రెండూ ఒకే చోట గూడు కట్టవు.

మాత్ర_మర్చిపోయా: రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేదాన్ని. నా రిసెప్టర్ ఎక్కడుందో కూడా చెప్పండి 😀

ల్యాబ్_కోటు: మీది మరీ మొండిది. హార్మోన్ ఉన్నా లేకున్నా డీఎన్ఏని అంటిపెట్టుకునే ఉంటుంది. హార్మోన్ రాకపోతే ఊరుకోదు, జీన్‌ని నొక్కిపెడుతుంది. అన్నట్టు అది స్టెరాయిడ్ కాదు, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చిన హార్మోన్.

గుంటూరు_పద్మ: మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు బయాప్సీ రిపోర్టులో "ఈఆర్ పాజిటివ్" అని రాశారు, అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉందని. డాక్టరమ్మ మైక్రోస్కోపులో నన్నూ చూడమంది. నీలం కణాల మధ్య న్యూక్లియస్సులు మాత్రం ఇటుకపొడి రంగులో ఉన్నాయి. నూటికి ఒక్క న్యూక్లియస్ రంగు పట్టినా పాజిటివ్ కిందే లెక్కట. ఈ రిసెప్టర్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మందు అమ్మ ఐదేళ్లు వాడింది. ఇప్పుడు బాగుంది.

జువాలజీ_మాస్టారు: అమ్మగారు బాగుండటం సంతోషం తల్లీ. కానీ ఆవిడ ఒంట్లో ఈస్ట్రోజన్ ఉంది కదా! హార్మోన్ తగిలాక లోపలికి వెళ్లిన గ్రాహకమే అక్కడ కనపడి ఉండొచ్చు. ఆ రిపోర్టుతో ఏమీ తేలదు.

ల్యాబ్_కోటు: ఆ మాట ఒప్పుకుంటా. అందుకే నేను సైటోకలాసిన్ పేపర్ చెప్పింది, రిపోర్టు కాదు.

పొర_పక్షం: ఆప్షన్ 1ని అందరూ వదిలేశారేం? గర్భాశయంలో ఈస్ట్రోజన్ వేయగానే సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల కబురు మోసే చిన్న అణువు) పెరుగుతుందని 1967లోనే సెగో అనే శాస్త్రవేత్త చూపించింది. జీన్ మేల్కొని ప్రోటీన్ తయారయ్యేంత టైం అందులో లేదు. ఈస్ట్రోజన్‌ని పట్టే ఇంకో రిసెప్టర్ జీపీఆర్30 మీద 2005లో రెండు పరిశోధక బృందాలు రాస్తే, ఒకరు పైపొరలో అన్నారు, ఇంకొకరు కణం లోపలి పొరల వల అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో అన్నారు.

ల్యాబ్_కోటు: మామూలు ఈస్ట్రోజన్ రిసెప్టర్‌లో కూడా కొద్ది వాటా పైపొర దగ్గర ఉంటుంది, నిజమే. ఎక్కువ భాగం మాత్రం న్యూక్లియస్.

జువాలజీ_మాస్టారు: చూశారా! ఇప్పుడు పైపొర కూడా వచ్చింది. రేపు మైటోకాండ్రియా అంటారు. పదహారేళ్ల పిల్లాడికి మొదట ఒక బొమ్మ, ఒక బాణం గుర్తు కావాలి. మినహాయింపులు పైచదువులో చూసుకుంటాడు.

ల్యాబ్_కోటు: మినహాయింపా? ఆ రెండంచెల బొమ్మ గీసిందే ఈస్ట్రోజన్‌ని చూసి! 1968లో జెన్సన్ బృందం, గోర్స్కీ బృందం చెప్పారు. అదే గోర్స్కీ 1984లో తన బొమ్మ తనే చెరిపేశాడు. ఆయనకి లేని పట్టుదల మీకెందుకు? డిగ్రీలో కేంద్రకం అని రాస్తే నాకు సున్నా వేశారు. "నోట్సులో లేనిది రాయకు" అన్నారు. మీలాంటి వాళ్ల నోట్సే అది.

జువాలజీ_మాస్టారు: నాలాంటి వాళ్లా? మా కాలేజీ లైబ్రరీ అంటే తాళం వేసిన ఒక బీరువా. నేచర్ పత్రిక అట్ట కూడా నేను చూళ్లేదు. ఉన్న ఒక్క పుస్తకాన్నీ చేత్తో రాసుకుని చెప్పాం. ఏసీ ల్యాబులో కూర్చుని ఎగతాళి చేయడం తేలిక.

గోదారి_గట్టు: పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

నీట్_నాన్న: దయచేసి ఆపండి. మార్కుల మాట పైకి చెప్పాను కానీ నా బాధ అది కాదు. కీ తప్పేమోనని మావాడు అడిగితే, సార్ క్లాసు అయ్యేదాకా నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఏ డౌటూ అడగట్లేదు. ఇంట్లో కూడా.

ల్యాబ్_కోటు: ...

జువాలజీ_మాస్టారు: ఈ ముక్క ముందే చెప్పొద్దా నాన్నా! అడిగినవాణ్ణి నేనెప్పుడూ నిలబెట్టలేదు. నా తప్పు నా చేతే ఒప్పించిన పిల్లలున్నారు, వాళ్లని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఇప్పుడే మనవరాలి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం తీశాను. హార్మోన్లు పనిచేసే తీరు చెప్పేచోట, కణం లోపలి గ్రాహకాలు "ఎక్కువగా కేంద్రక గ్రాహకాలే" అని ఉంది. నీట్‌కి ప్రమాణం ఆ పుస్తకమే. ఆ వాక్యం కింద గీత గీసి, పిల్లాడితోనే అర్జీ రాయించండి. మీరు రాయకండి.

ల్యాబ్_కోటు: ఏసీ లేదు మాస్టారూ, మా ల్యాబులో. ఫ్రిజ్‌కే కరెంటు చాలదు. నోట్సు అన్నందుకు సారీ.

నీట్_నాన్న: (నాలుగు రోజుల తర్వాత) అర్జీ వాడే రాశాడు. కీ మార్చలేదు, ప్రశ్న ఎత్తేశారు. అందరికీ నాలుగేసి మార్కులు. "తప్పు పెట్టినవాళ్లకీ నాలుగేనా?" అని ఇప్పుడు నామీద ఎగురుతున్నాడు.

జువాలజీ_మాస్టారు: ఎగరనివ్వండి. ప్రశ్నలో కార్టిసాల్ అని ఇచ్చుంటే మాత్రం నాదే కరెక్టు, అది రాసిపెట్టుకోండి.